స్వాగతం చెప్పాల్సిన కోడలు

బడి హాలు. రేపటి సభకి వేదిక మీద కుర్చీలు సర్దుతున్న పెద్దమేడం, లెక్కల టీచరు.

“స్వాగతం మాత్రం నేను చెప్పను మేడం. తెలుగు టీచరు చేత చెప్పించండి.”

“ఆవిడకి మైకు పట్టుకుంటే చెయ్యి వణుకుతుంది. అయినా ముఖ్య అతిథి మీ మామగారు. కోడలు ఇదే బళ్ళో ఉండగా ఇంకొకరు స్వాగతం చెప్తే జనం ఏమనుకుంటారు?”

“ఏమీ అనుకోరు. నాకు గొంతు బాగోలేదు.”

“పొద్దున ఏడో తరగతి వాళ్ళని కసురుతుంటే నా గది దాకా వినబడింది నీ గొంతు.”

“కసరడం వేరు, పొగడడం వేరు కదా మేడం.”

“ఆ కుర్చీ సరిపోతుందా ఆయనకి?”

“చేతులున్న కుర్చీ అయితేనే కూర్చుంటారు. వెనక నుంచి గాలి తగలకూడదు. నీళ్ళు గోరువెచ్చగా ఉండాలి, గాజు గ్లాసులో. అదీ మూత పెట్టి.”

“చూశావా, ఇవన్నీ ఇంకెవరికి తెలుస్తాయి? అదృష్టవంతురాలివమ్మా. ఊరూరా తిరిగి ‘ఆడపిల్ల తన కాళ్ళ మీద తను నిలబడాలి’ అని చెప్పే మనిషి ఇంట్లో పడ్డావు.”

“అవును మేడం. పడ్డాను.”

“అదేం మాట.”

“మీ మాటే మేడం.”

“సరే, నాలుగు వాక్యాలు చాలు. ఆయన పుస్తకాల గురించి రెండు మాటలు, ఇంట్లో ఎలా ఉంటారో ఒక ముక్క. పిల్లలకి అలాంటివే గుర్తుంటాయి.”

“ఇంట్లో ఎలా ఉంటారో చెప్పనా?”

“అదే, సరదాగా.”

“మొన్న పేపర్లు దిద్ది ఆలస్యంగా వెళ్ళానా, తలుపు తియ్యలేదు. నేనూ, నాతో పాటు బడి నుంచి వచ్చిన పాపా మెట్ల మీద కూర్చున్నాం. అది హోంవర్కు కూడా అక్కడే చేసేసుకుంది. ఇది సరదాగానే ఉంటుందా మేడం?”

“బెల్లు వినబడలేదేమో.”

“వినబడింది. కొట్టగానే లోపల టీవీ సౌండు తగ్గింది.”

“మరి మీ ఆయన?”

“మా వారు కిటికీలోంచి నీళ్ళ సీసా అందించారు. ‘నాన్న మాట కాదనలేను కదా’ అన్నారు.”

“పెద్దవాళ్ళన్నాక కాస్త చాదస్తం ఉంటుందమ్మా. ఏ ఇంట్లో లేదు?”

“అందుకే మేడం, వేరే ఎవరి చేతైనా...”

“కుదరదు. ఆయనే అడిగారు, నువ్వే చెప్పాలని.”

“ఎప్పుడు అడిగారు?”

“ఫోన్లో.”

“ఆయన ఎవరైనా పిలిస్తే వస్తారు గానీ, తనంతట తను ఎవరికీ ఫోన్ చెయ్యరే.”

“చేశారులే. ఆ పూలకుండీ కొంచెం ఇటు జరుపు.”

“మేడం, మనం పిలిచామా, ఆయనే వస్తానన్నారా?”

“ఎవరు పిలిస్తే ఏముంది. వస్తున్నారు, అంతే.”

“వేదిక మీద ఇంకో కుర్చీ వేస్తున్నారేంటి? ఇది ఎవరికి?”

“అది... నీకు.”

“స్వాగతం చెప్పేవాళ్ళు చెప్పేసి దిగిపోతారు. కుర్చీ ఎందుకు?”

“ఉపన్యాసం అయ్యాక చిన్న కార్యక్రమం ఉంది.”

“ఏం కార్యక్రమం?”

“చిన్నదేనమ్మా. పిల్లలు బొమ్మ గీశారు. పూలగుత్తి ఇస్తారు. నువ్వు నవ్వుతూ ఒక ఫోటో...”

“మేడం. ఏం కార్యక్రమం?”

“వీడ్కోలు.”

“ఎవరికి?”

“నీకు తెలిసే ఉంటుందనుకున్నాను. నిజంగా అనుకున్నాను.”

“ఎవరికి మేడం?”

“నువ్వు ఈ నెలతో మానేస్తున్నావని చెప్పారు, ఇంటి బాధ్యతల వల్ల. తనే వేదిక మీద ప్రకటిస్తానన్నారు. త్యాగం అన్నారు. ఆడపిల్లలకి ఆదర్శం అన్నారు.”

“మానేస్తున్నానని నేను మీతో అన్నానా?”

“లేదు.”

“మరి మీరు నన్ను అడిగారా?”

“మన బడి చైర్మన్‌దీ ఆయనదీ ఒకే కంచం ఒకే మంచం స్నేహం. ఇద్దరూ మాట్లాడేసుకున్నారు. నేను నోరు తెరిస్తే ‘మీ పని మీరు చూసుకోండి’ అన్నారు. నా పని కుర్చీలు వెయ్యడం.”

“నేను రాసివ్వకుండా నన్నెలా తీసేస్తారు?”

“తియ్యలేరు. అందుకే ఈ సభ. అందరి చేతా చప్పట్లు కొట్టించేస్తే, ఆ తర్వాత నువ్వు కాదనలేవని.”

“ఇంటికొచ్చిన వాళ్ళతో అంటుంటారు, ‘బళ్ళో లెక్కలు చెప్పే కోడలు ఇంట్లోనూ లెక్కలడుగుతోంది’ అని. అందరూ నవ్వుతారు. నేనూ నవ్వేదాన్ని.”

“గొంతు తగ్గించు. బయట అటెండరు ఉన్నాడు.”

“విననివ్వండి. రేపు పాప ముందు వరసలో కూర్చుంటుంది మేడం. దాని ఎదురుగా నేను పూలగుత్తి పట్టుకుని వాళ్ళ తాతగారి మాటలకి తలూపాలి. ఊపకపోతే సభలో పెద్దాయన పరువు తీసిన కోడల్ని. ముందు నుయ్యి, వెనక గొయ్యి.”

“ఒక్కరోజు ఓర్చుకో. తర్వాత నెమ్మదిగా ఆలోచిద్దాం.”

“తర్వాత ఎక్కడ ఆలోచించను? ఆ ఇంట్లో తలుపు వెయ్యడం, తియ్యడం రెండూ ఆయన చేతిలోనే. నా చేతిలో ఉన్నది ఈ బడి ఒక్కటే.”

“నన్నేం చెయ్యమంటావు. ఎదురు చెప్తే నా ఉద్యోగమూ పోతుంది.”

“మిమ్మల్ని ఎదురు చెప్పమనను. ఒక్క సాయం చెయ్యండి. హాస్టల్ ఎత్తేశాక వెనకాల వార్డెన్ గది ఖాళీగానే ఉందిగా. ఆ తాళం ఇప్పించండి. ఈ సాయంత్రం నుంచి నేనూ పాపా అక్కడుంటాం. రేపు స్వాగతం నేనే చెప్తాను. వీడ్కోలు కూడా తీసుకుంటాను. కాకపోతే అది బడికి కాదు, ఆ ఇంటికి అని మైకులో చెప్తాను.”

“ఆ గదా...”

“ఏం, కుదరదా?”

“వానొస్తే అందులో కిటికీ పక్కన కారుతుందమ్మా. చలికాలం నేల మీద కాలు పెట్టలేం. చీకటి పడ్డాక గేటు చప్పుడైతే, మనకోసమే ఎవరో వచ్చారని గుండె దడదడలాడుతుంది. కొన్నాళ్ళకి అదీ అలవాటవుతుందనుకో.”

“ఇవన్నీ మీకెలా తెలుసు?”

“సాయంత్రం మీ అందరితో పాటు గేటు దాటతానా, బజారులో ఒక చుట్టు తిరిగి, కూరలు కొనుక్కుని, మీరంతా వెళ్ళిపోయాక వెనక దారిన వస్తాను.”

“మేడం...”

“ఆ గది ఖాళీ లేదమ్మా. మా ఇంటి గడప దిగి వచ్చిన రోజు నుంచి అందులో నేనే ఉంటున్నాను. ఇంకో మంచం పడుతుంది, పాపని తీసుకుని వచ్చెయ్.”