నీ ఓటుకు నా ఓటు చెల్లు

మళ్లీ సూపు గిన్నె తెచ్చావా? ఒరే నెల్స్, నీకు దణ్ణం పెడతాను, వెనక్కి పట్టుకుపో. ఎలక్షనైన దగ్గర్నుంచీ ఇదే వరస! మొన్న కోడి సూపు, నిన్న బంగాళాదుంప సూపు. ఇవాళేమిటి, బఠాణీలా? మీ ఆవిడ హుల్డాకి ఇంకేం పని లేదా?

నొప్పా? పన్ను పీకిన చోట నొప్పేం లేదు. కూర్చో. వద్దులే, నిలబడే విను. విన్నాక ఎలాగూ వెళ్లిపోతావు.

అసలు మన ఒప్పందం మొదలెట్టింది ఎవరు? నేనే కదా! "నువ్వు డెమోక్రాటువి, నేను రిపబ్లికన్ని. నీ ఓటుకు నా ఓటు చెల్లు. చేలో మొక్కజొన్న కోతకొచ్చి నిలబడి ఉంటే, ఇద్దరం పనులు మానుకుని ఊళ్లోకి పోయి, ఒకడు కట్టింది ఇంకొకడు కూలదోసి రావడమెందుకు?" అని కంచె దగ్గర నీ చెయ్యి పట్టుకుని ఊపింది నేను.

అప్పట్నుంచి ఎలక్షన్నాడు ఒక ఏడు నీ చేలో, ఒక ఏడు నా చేలో పని. తర్వాత రేడియో దగ్గర కూర్చుని, గెలిచినవాడు ఓడినవాణ్ని ఏడిపించడం. ఎంత బాగుండేదిరా!

మరి ఈసారి నాకేం పుట్టిందంటావా? గవర్నరు పదవికి నిలబడ్డ మా పార్టీ వింగేట్ పుట్టాడు. ఆగస్టులో పశువుల ప్రదర్శనకి వచ్చాడు చూడు, నా గిత్తని నిమిరి, నా భుజమ్మీద చెయ్యేసి, "ఆరిన్, ఈసారి ఒక్క ఓటుతో ఓడిపోయేట్టున్నాను" అన్నాడు. గవర్నరు కాబోయేవాడు నన్ను పేరుపెట్టి పిలిచాడురా! గిత్త మెడలో బిళ్ల మీద నా పేరు రాసుందని ఇంటికొచ్చాక గానీ తట్టలేదు. తట్టినా ఏం లాభం, అప్పటికే ఉబ్బిపోయాను.

అందుకని పోలింగునాడు పన్ను నొప్పని చెంపకి గుడ్డ కట్టుకుని నీ చేను గట్టున నిలబడ్డాను.

ఊళ్లో పళ్ల డాక్టరు దగ్గరికి నేనొక్కణ్నే వెళ్లొస్తానంటే విన్నావా నువ్వు? "నొప్పితో బండేం నడుపుతావు" అని చేలో మిషను ఆపేసి, నీ ట్రక్కులో నువ్వే తీసుకెళ్లావు. దారంతా గుంతలు తప్పిస్తూ! నాకు కుదుపు తగలకూడదని!

నెల్స్, నాకు నొప్పి లేదు. ఆరోజూ లేదు.

ఆగు, పూర్తిగా విను. పళ్ల డాక్టరు ఏ పన్నన్నాడు. ఏదో ఒకటి చూపించాలిగా, చూపించాను. గట్టిగానే ఉందే అన్నాడు. పీకెయ్యమన్నాను. మరి నీకు చూపించడానికి సాక్ష్యం ఉండొద్దూ? ఇనపగుండులాంటి దవడ పన్నురా! ఊడి రానంది, ఆయనకి చెమటలు పట్టాయి.

ఆ తర్వాత నోట్లో దూది కుక్కుకుని, వెనక మెట్లు దిగి, పక్కనున్న బడిలోకి దూరాను. పోలింగు అక్కడేగా.

అవును. వేశాను.

ఇంకా ఉంది. కాగితం పుచ్చుకుని నిలబడ్డానా, కిటికీలోంచి నీ ట్రక్కు కనిపిస్తోంది. మీ పార్టీ ముసలాయన తలుపు మీద కొట్టి, బడివైపు చెయ్యి చూపిస్తూ నిన్ను రమ్మంటున్నాడు. ఎంత దూరం? వీధి దాటితే చాలు. నువ్వు తల అడ్డంగా ఊపావు. నవ్వావు కూడా. అది నా కళ్లతో నేను చూశాను. చూసి కూడా కాగితం మీద గుర్తు పెట్టానురా.

మా వాడెంతతో గెలిచాడు? డెబ్బై వేలతో! వాడికి నా ఓటెందుకురా? పైగా ఆ "ఒక్క ఓటు" ముక్క జిల్లాలో చెయ్యి కలిపిన ప్రతివాడితోనూ అన్నాడట. దాణా కొట్టు దగ్గర నలుగురు చెప్పుకుని నవ్వుకుంటున్నారు. నేనూ నవ్వాను. ఏం చెయ్యను?

అలా చూడకు, తిట్టు. నీ నోట ఒక్క బూతు వింటే నాకు నిద్రపడుతుంది.

ఏమిటీ?

చూశావా? నేను బడిలోకి దూరడం చూశావా? ముసలాయన వచ్చి పిలవకముందేనా?

మరి దిగి రాలేదేంరా! నేను మాట తప్పానని కళ్లారా చూసి కూడా... ఏమంటావూ? నేనిచ్చిన మాట నాది, నువ్విచ్చిన మాట నీదీ అనా? అంతేనా? అంతా తెలిసి, తిరుగుదారిలో కూడా గుంతలు తప్పించావా?

వద్దు, పోనీలే అనకు నాతో. నీ చోట నేనుంటే ఏం చేసేవాణ్నో నాకు తెలుసు. నువ్వు బడి గుమ్మం ఎక్కేలోపే ట్రక్కు దిగి పరిగెత్తి, నీకంటే ముందు ఓటేసేవాణ్ని. ఆనక నువ్వు మాట తప్పావని ఊరంతా టముకేసేవాణ్ని.