రెండు పటాలు, నలభై చోట్లు

చల్లపల్లిలో సుందరరాజు టీ కొట్టు బల్లమీద నాగూర్ బీ నోరు విప్పిందంటే పొయ్యిమీద పాలు కూడా పొంగడం మానేసి వింటాయి. పీతలమ్మే మనిషి. ఆ పూట ఆవిడకి ఎదురుగా యూనివర్సిటీ నుంచి వచ్చిన యుగంధర్ కూర్చున్నాడు. మండపీతలు ఎక్కడుంటాయో లెక్కకట్టి ముందే చెప్పే చదువు ఆయనది. రేపు మడ అడవిలో దారి చూపే మనిషిని ఇవాళే ఎంచుకోవాలి. పడవ ముందు భాగాన తనే కూర్చోవాలని నాగూర్ బీ పట్టుదల.

"పోయినేడు ఈయన మేస్టార్లిద్దరొచ్చి, పీతల్ని ఎక్కడెక్కడ చూశావమ్మా అన్నారు. నాలుగు చోట్లు చెప్పా. నాలుగేంటని నాకే నామోషీ అనిపించి నలభై చేశా. ఒకాయన నీళ్ళ ఉప్పునీ మట్టినీ బట్టి లెక్కేసి పటం గీశాడు, రెండో ఆయన నేను చెప్పిన చోట్లని పోలినవన్నీ ఏరి ఇంకో పటం గీశాడు. నా పటం గొప్పంటే నా పటం గొప్పని చొక్కాలు పట్టుకున్నారు. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"పీతలొచ్చి విడదీశాయా అత్తా?" అన్నాడు సుందరరాజు.

"నేనే విడదీశా! గట్టుమీద నిలబడి గాలి పీల్చి, ఆ మూలన అరవై రెండున్నాయన్నా. తవ్వితే సరిగ్గా అరవై రెండు! పీతలు నన్ను గుర్తుపట్టి వరసగా నిలబడి డెక్కలెత్తాయి. వాళ్ళ కంప్యూటరుందే, నా మాట ఎక్కించగానే సిగ్గుపడి మూడ్రోజులు అన్నం ముట్టలేదు!"

"కంప్యూటరు అన్నం తింటుందా?"

"అందుకేగా ముట్టలేదంటున్నా!"

యుగంధర్ నవ్వాపుకుని రెండు పటాలూ బల్లమీద పరిచాడు.

"రెండు లెక్కలూ మీ నలభై చోట్లతోనే మొదలయ్యాయండీ. ఏది మేలో తేల్చాలని చూస్తే, రెండూ పామిడిముక్కల్లో పీతలున్నాయంటున్నాయి, గుడివాడ రైలుగేటు దగ్గరా ఉన్నాయంటున్నాయి. అక్కడ ఉప్పునీరెక్కడిది?"

నాగూర్ బీ టీ గ్లాసు వెనక మొహం దాచుకుంది.

పీతలు పట్టే ముత్యాలమ్మ అప్పుడే గంప దించి పటాల్లోకి తొంగిచూసింది. అవి నాగూర్ బీ పీతల్ని చూశానన్న చోట్లని విని, చుక్కలున్న ఊళ్ళ పేర్లు యుగంధర్ చేత చదివించుకుని పకపకా నవ్వింది.

"ఇవా బాబూ? పీతలుండే చోట్లు కావు, నేను బస్సు దిగి ఈ అక్కకి పీతలమ్మిన స్టాపులు! చూశావా అంటే చూసిందే చెప్పింది పాపం. బురదలో ఏనాడన్నా కాలు పెట్టిందా?"

యుగంధర్ పటాలు మడిచి ముత్యాలమ్మ వైపు తిరిగాడు.

"రేపెన్నింటికి బయల్దేరదామమ్మా?"

"అయిదింటికి," అంది నాగూర్ బీ అందరికన్నా ముందు. "నేను బస్టాపులోనే ఉంటా."