మూడు చుక్కల ఉలి

ఏదీ, ఇలా ఇవ్వు. కళ్ళద్దాలు అక్కర్లేదులే, వీటిని చూడ్డానికి నాకు వేళ్ళు చాలు. ఉలి. ముప్పావు అంగుళం. పాత ఇనుము కుప్పలో దొరికిందా? ఇదిగో, మెడ దగ్గర ఏనుగు బొమ్మ, అది మా కంపెనీ ముద్ర. మొదట్లో తొండం పైకి ఉండేది. యజమాని కొడుకు వచ్చాక ఎందుకో కిందికి దించాడు. "కంపెనీకి తొండం వాలిపోయిందిరోయ్" అని నవ్వుకునేవాళ్ళం. తొండం చూస్తే ఏ కాలం సరుకో చెప్పేయొచ్చు. దీనికి కిందికే ఉంది, తుప్పు సగం తినేసింది. సరే, నువ్వడిగింది ఆ కింది చుక్కల గురించి కదూ. మూడు చుక్కలు. అవును, మీ తాత గుర్తే.

మీ తాతని మేం పుర్రచేతి మామ అనేవాళ్ళం. సుత్తి ఎడమచేత్తో పట్టేవాడు. ఇనుము పెట్టి కొట్టే దాగలికి అవతల నిలబడితే అద్దంలో మనిషిని చూసినట్టుండేది. ఆయనా నేనూ ఒకే కొలిమి మీద తొమ్మిదేళ్ళు చేశాం. ఏనుగు ముద్ర అందరి పని మీదా పడుతుంది. మామ మాత్రం ఇనుము ఎర్రగా ఉండగానే దాని కింద మూడు చుక్కలు పొడిచేవాడు. మేస్త్రీ వచ్చి, "ఏమిటయ్యా ఆ పొడుపులు, ఏనుగు చేత పేడ వేయిస్తున్నావా?" అని గొంతు చించుకునేవాడు. మామ తలెత్తేవాడు కాదు. "ఉలి ఏనుగు చెయ్యలేదండీ, నేను చేశాను" అనేవాడు. ఇందాక నువ్వు శ్రమ, దోపిడీ అంటూ అరగంట చెప్పావే, ఆ ముక్క మామ అంత పొట్టిగా చెప్పాడు. కోప్పడకు, నువ్వు చెప్పిందీ నిజమేలే.

ఆ చుక్కలకి ఎంత పేరొచ్చిందంటే, సరుకు చూసే గుమాస్తా ప్రతి ఉలినీ ఇనపకడ్డీ మీద కొట్టి చూసేవాడా, చుక్కలుంటే మాత్రం "మామదా? పోనీ" అని కొట్టకుండానే పెట్టెలో వేసేవాడు. అదే కొంప ముంచింది. ఆ నీళ్ళు ఇలా అందుకో తల్లీ. ఆఁ. ఉలిని ఎర్రగా కాల్చి నూనెలో ముంచుతాం. అక్కడితో అయిపోదు. మళ్ళీ సన్నసెగ మీద పెట్టి, అంచున ఎండుగడ్డి రంగు తేలేదాకా కాచుకుని కూర్చోవాలి. ఆ రెండో సెగ తప్పిందా, గట్టిగానే ఉంటుంది కానీ గాజులా పెళుసు. ఒకరోజు మామ జ్వరంతో మధ్యాహ్నమే ఇంటికెళ్ళాడు. రోజుకిన్ని ఉలులని ఇద్దరికీ కలిపి లెక్క. తగ్గితే ఇద్దరూ ఇంటికే అన్నాడు మేస్త్రీ. నేను రెండో సెగ తప్పించాను. పన్నెండు ఉలులకి. గుమాస్తా కొట్టి చూడకుండా మామ చుక్కలు కూడా పొడిచాను. తొందరలో చేశానని చెప్పుకోడానికీ లేదు. చల్లారాక చుక్క దిగదు కదా, ముందే అనుకుని పొడిచాను.

మూడు నెలలకి ఒక వడ్రంగి వచ్చాడు, కంటికి గుడ్డ కట్టుకుని. విరిగిన ఉలి బల్ల మీద పెట్టాడు. ముక్క ఎగిరి కంట్లో దిగిందట. కన్ను పోయింది. యజమాని అందరినీ పిలిచాడు. ఏనుగు ఎవరిదని ఎవడూ అడగలేదు, చుక్కలెవరివని అడిగారు. మామ ఉలి తీసుకుని చుక్కల మీద గోరు నడిపాడు. పుర్రచేతి పోటుకి చుక్క అంచు పిడివైపు లేస్తుంది, నాలాంటివాడి పోటుకి మొనవైపు లేస్తుంది. గోటికి తెలుస్తుంది. మామ తలెత్తి నావైపు చూశాడు. ఎంతసేపో చూడలేదు. "గుర్తు నాదేనండీ" అన్నాడు.

అంతే. ఏ కొలిమీ మళ్ళీ ఆయన్ని రానివ్వలేదు. సాన చక్రం భుజానేసుకుని వీధులు తిరిగాడు. మా వీధిలో ఆయన కేక వినపడితే నేను వెనకగదిలోకి పోయేవాణ్ణి. మా ఆవిడే కత్తి పట్టుకెళ్ళేది. ఒకసారి తిరిగొచ్చి, "ఆయన మిమ్మల్ని అడిగారండీ, చెయ్యి బాగుందా అని" అంది. ఆ రోజు నాకు అన్నం దిగలేదు. ఆ తర్వాత దిగింది, ఎందుకు దిగదు. మీ తాత పోయినప్పుడు కూడా నేను రాలేదు. మీ ఇంట్లో ఇన్నాళ్ళూ ఆయనే ఒకడి కన్ను పోగొట్టాడని తలదించుకున్నారు. నువ్వేమో కంపెనీ కుట్ర అంటున్నావు. లెక్కల కోసం మా ప్రాణాలు తోడేసింది, అది రాసుకో. కానీ కుట్ర కాదు. కుట్ర చేసే కష్టం కూడా లేకుండా నేనున్నానుగా.

పన్నెండులో ఒకటి విరిగింది. మిగతా పదకొండు ఎవరి చేతుల్లో ఉన్నాయో అని, ఎక్కడ సుత్తి చప్పుడైనా నా చెవి అటే పోతుంది. ఇలా రా, గోరు పెట్టి చూడు. చుక్క మీద. ఎటు తగిలింది? మళ్ళీ చూడు. ఆఁ. మొనవైపే. నాకు ఇందాక చేతిలోకి తీసుకోగానే తెలిసింది. తాత ఉలి అని మీ తమ్ముడికిస్తానన్నావు, రేపు వాడు దీంతోనే పని మొదలెడతాడన్నావు. వద్దు తల్లీ. చెయ్యి చాపకు, ఇవ్వను. ఇది ఇక్కడే ఉంటుంది.

ఆ కిటికీ కాస్త వేసెయ్యి. చలిగాలి కొడుతోంది.