వినోద పట్టిన ఒక్కపొద్దు

ఆదివారం పొద్దున, వరంగల్ కొత్తవాడలో ఒక ఇంటి వంటగది. ఇంటర్ చదివే వినోద పళ్లెం పట్టుకొని కూర్చుంది. ఆమె బాపమ్మ చిలుకమ్మ గిన్నె మూత మీద చెయ్యేసుకొని కూర్చుంది.

"చెయ్యి తియ్యి బాపమ్మా, కాలుతది."

"కాలనీ. నా చెయ్యే కద."

"సర్వపిండి సల్లారితే రబ్బరు లెక్క సాగుతది. ఒక్క ముక్క పెట్టవే."

"గడియారం సూడు. ఎంతైంది?"

"తొమ్మిది."

"మరి? పన్నెండు దాక మెతుకు ముట్టనన్నది ఎవలు? నేనా, నువ్వా?"

"నేనే. ఇప్పుడు తింట అంటున్నది గూడ నేనే."

"తినవు."

"అవ్వో! మొన్నటిదాక పళ్లెం పట్టుకొని నా ఎనుక తిరిగింది ఎవలే? 'తినవే, పేగులు ఎండుతయే, గా ఫోన్ల సూసి ఆగమైతాన్నవే' అని?"

"అప్పుడు నాకు తెల్వది. ఇప్పుడు తెల్సింది. మంచిదేనట. ఏదో అన్నవు కద... కొవ్వు..."

"కరుగుతది అన్న."

"ఆఁ. కరగనీ."

"నా ఒంటి మీద కండ లేదు, ఉన్నయే బొక్కలు. ఇంకేం కరుగుతది? మొటిమలు పోతయంటే పట్టిన, అవి పోలే. మొదటి రోజే లెక్కల క్లాసుల నా కడుపు గుర్రుమంటే సారు ఆగిండు, ఎవలో నవ్వుతాండ్రనుకొని. సిగ్గుతోని సచ్చిన. ఇగ నాతోని కాదు. బంద్."

"బందా?"

"బంద్."

"బందంటే... గీ ఒక్క పూటకేనా?"

"మొత్తానికి."

"నోర్ముయ్. కండ్లు పోతయ్."

"డైట్ బంద్ జేస్తే కండ్లు పోతయా?"

"అది డైట్ కాదే."

"మరేంది?"

"ఏం లేదు. పో, పోయి సదువుకో."

"బాపమ్మా. ఇటు సూడు. మరేంది?"

"ఒక్కపొద్దు."

"ఎవలది?"

"నీదే."

"నేనెప్పుడు పట్టిన?"

"నువ్వు పట్టలే. నేనే... యాకమ్మకు గట్ల చెప్పిన."

"పక్కింటి యాకమ్మకా? ఇగ అయిపాయె. మైకు పట్టుకొని చెప్పినా గంత దూరం పోదు."

"ఏం జెయ్యమంటవే? నల్లా కాడ అందరి ముంగట అడిగె, 'మీ పిల్ల పొద్దుగాల తింటలేదట, ఇంట్ల బియ్యం లేవా?' అని. డైట్ అంటే నవ్వుతరు. ఒక్కపొద్దు అంటే దండం పెడతరు."

"అందుకేనా మొన్న ఆమె పట్టుకొని నా కాళ్లకు పసుపు రాసింది? నేను ఇంకేదో పండుగ అనుకున్న!"

"మంచిగనే అయింది కద. నీ కాళ్లు ఎన్నడన్న గంత సాఫుగ ఉన్నయా?"

"సరే. యాకమ్మకు నేను చెప్పుకుంట. నువ్వు మూత తియ్యి."

"యాకమ్మతోని అయిపోతే తీద్దును."

"ఇంకెవలకు చెప్పినవ్?"

"నేను చెప్పలే. ఆమె చెప్పింది. మీ బాపుకు."

"బాపుకా?"

"వైన్స్ ముంగట నిలబడ్డడట. 'ఆడపిల్ల అక్కడ కడుపు మాడ్సుకుంటాంది, నువ్వు గిక్కడున్నవా ఉప్పలయ్యా' అన్నదట. ఉరుక్కుంట ఇంటికొచ్చిండు. 'అమ్మా, పిల్ల ఎవల కోసం పట్టిందే?' అని అడిగిండు."

"నువ్వేమన్నవ్?"

"పొయ్యి మీద పాలుండె. అవి పొంగొచ్చె..."

"పాల సంగతి ఇడిసిపెట్టు. ఏమన్నవ్?"

"నీ కోసమే అన్న."

"బాపమ్మా!"

"నువ్వు తాగుడు బంద్ జేసేదాక పిల్ల పొద్దుగాల మెతుకు ముట్టదట, ఎల్లమ్మకు మొక్కిందట అన్న. నోట్లెకెళ్లి వచ్చిందే, నేను అనుకోలే. వాడు గోడ దిక్కు మర్లి కూసున్నడు. గా రాత్రి పోలే. తెల్లారి పోలే. మూడు వారాలాయె, పోతలేడు."

"అందుకా..."

"నువ్వేమనుకున్నవ్?"

"జేబుల పైసలు లేవేమో అనుకున్న."

"తాగెటోనికి పైసలు లేకుంటే అప్పు పుట్టదా? మీ అమ్మ మొకం సూసినవా? నిన్న నవ్వింది సుకన్య. టీవీల ఎవడో కింద పడితే నవ్వింది. ఎన్నేండ్లాయె దాని నవ్వు ఇని! రాత్రి తలుపు సప్పుడైతే సాలు, నువ్వు లైటు బంద్ జేసి పండుకున్నట్టు పడుంటుంటివి. ఇప్పుడో?"

"ఇప్పుడు... లైటు ఏసుకొనే సదువుతాన."

"మరి! నేను గూడ మొక్కిన ఎల్లమ్మకు. వీడు మంచిగయితే కోడిని కోసి, రెండు కుండల కల్లు ఆమె ముంగట సాక పోస్త అని."

"తాగుడు బందయితే కల్లు పోస్తవా?"

"ఆమెకు అదే ఇష్టం. నేనేం జెయ్యాలె, చాయ పొయ్యాల్నా?"

"సాక పోసినంక మిగిలింది ఎవలు తాగుతరు?"

"ఎవలో ఒకలు తాగుతరు. నాకు మోకాళ్ల నొప్పులున్నయ్. అది తర్వాతి ముచ్చట. నువ్వు మాత్రం ఇడువకు బిడ్డా. నువ్వు తిన్నవని తెలిస్తే వాడు మల్ల వైన్స్ కాడనే ఉంటడు."

"ఎన్ని రోజులని గిట్ల ఉండాలె?"

"వాడు తాగుడు మర్సిపోయేదాక."

"నాకు పెండ్లయినంక గూడనా?"

"మంచిదే. అత్తగారింట్ల గూడ ఇజ్జత్ ఇస్తరు."

"బాపమ్మా, ఒక మాట చెప్త. కొట్టొద్దు."

"కొడత గని, ముందైతే చెప్పు."

"నేను ఎప్పుడో ఇడిసిన."

"ఏం ఇడిసినవ్?"

"ఒక్కపొద్దు. డైట్. నువ్వు ఏదంటే అది. రోజూ కాలేజీకి పోంగ చౌరస్తా కాడ సమోస తింటాన."

"ఎప్పటి సంది?"

"రెండో రోజు సంది."

"మరి ఇంట్ల ఎందుకు తినకపోతివే?"

"నీతోని పందెం కాసిన కద! తింటే ఓడిపోయిన అని వాడకట్టంతా చెప్తవని... పోయిన ఆదివారాలు ఎట్లనో ఆగిన. ఇయ్యాల గూడ ఆదివారమే. కాలేజీ లేదు. సమోస లేదు. తట్టుకోలేకపోతాన."

"ఓసి నీ కడుపు కాల! ఊరోళ్లతోని కాళ్లకు పసుపు రాయించుకొని సమోసలు తిన్నవా?"

"నేను రాయుమన్ననా?"

"ఎల్లమ్మ తల్లీ, చిన్నపిల్ల, దాని మీద కోపం పెట్టుకోకు... ఆగు. ఆగవే. మరి వాడు తాగుతలేడు కద?"

"తాగుతలేడు."

"నువ్వేమో తింటాన్నవ్."

"తింటాన."

"మరి గదెట్ల?"

"నాకేం తెల్సు? ఎల్లమ్మకు సమోసతోని ఫరక్ పడదేమో."

"సప్పుడు జెయ్యకు. నువ్వు తినలే, నేను ఇనలే. గిది మీ బాపు చెవుల పడ్డదంటే ఇగ కొంప..."

"బాపమ్మా."

"ఏందే?"

"ఎనుకకు సూడు."

"ఉప్పలయ్యా! ఎప్పుడొచ్చినవ్ కొడకా? కూసో, చాయ పోస్త."

"చాయ వద్దమ్మా."

"బాపూ, ఎంతసేపాయె వచ్చి?"

"పిల్ల సమోస అన్నప్పటి సంది ఉన్న."

"తిట్టకు బాపు. రేపటి సంది నిజంగ పడత. సమోస గూడ ముట్ట. నువ్వు... నువ్వు మాత్రం..."

"వద్దు బిడ్డా. అమ్మా, మూత తియ్యి. పిల్లకు పెట్టు."

"పెడత, పెడత. నువ్వైతే కూసో. గట్ల దర్వాజ పట్టుకొని నిలబడ్డవేంది? బయటికి పోతవా? పోకు కొడకా, నీ కాల్మొక్త."

"పోతలేనే. జర ఆగు, నన్ను సమజ్ చేసుకోనీ. పిల్ల ఒక్కపొద్దు పట్టలే."

"పట్టలే."

"ఎల్లమ్మకు మొక్కలే."

"మొక్కలే గని, నేనైతే..."

"అయితే మూడు వారాల సంది వైన్స్ ముంగట నుంచే తల దించుకొని సక్కగ ఇంటికి వచ్చింది... నా అంతట నేనేనానే అమ్మా?"