ఎలుగు బావ ట్రైలరుకి ఏసీ

ఏసీ పెట్టమన్నాను గాని, పనిచేసేలా పెట్టమని నీకెవరు చెప్పారయ్యా?

అదేం మాటంటావా? చూడు, ఆ గాలి ఎలా వస్తోందో చూడు! మొహం మీద తడిగుడ్డ వేసినట్టుంది. నువ్వు మీటరు పెట్టి చూడక్కర్లేదు, నా మోకాళ్ళే చెబుతున్నాయి. లోపల కూర్చుని పది నిమిషాలు కాలేదు, పళ్ళు టకటకలాడుతున్నాయి. నా కొంప ముంచేశావు కదయ్యా, ఫ్రిజ్ డాక్టరూ!

నవ్వకు. ఆ తలుపు కాస్త దగ్గరగా వెయ్యి. మా ఆవిడ బయట కారులో కూర్చునుంది. పెట్టెలు సర్దేసింది, నీళ్ళ డబ్బాలు ఎక్కించేసింది, మొక్కలకి నీళ్ళు పొయ్యమని పక్కింటావిడకి తాళాలు కూడా ఇచ్చేసింది. నీ షెడ్డులోంచి ఈ ట్రైలరుని, ఈ చక్రాల ఇంటిని, కారు వెనక తగిలించుకుని తిన్నగా అడవికే ప్రయాణం. ఆవిడ హారన్ కొట్టేదాకానే నాకు గడువు.

నేనెవరో తెలుసుగా నీకు? మొన్న మా బావమరుదులు వచ్చినప్పుడు నన్నేమని పిలిచారు? ఎలుగు బావ! ఊరికే రాదయ్యా ఆ పేరు. సర్వే ఆఫీసులో ముప్ఫై ఎనిమిదేళ్ళు చేశాను. వరదలో, మెడలోతు నీళ్ళలో, సర్వే గొలుసు పళ్ళతో కరుచుకుని ఆవలి ఒడ్డుకి ఈదాను. కొండచిలువని తాడనుకుని డేరాకి ముడేశాను. తెల్లారేదాకా డేరా కదల్లేదు, అదీ కదల్లేదు. ఇక ఎలుగుబంటంటావా, డేరాలోకి తల దూర్చిందో లేదో, ముక్కు మీద స్కేలుతో ఒక్కటిచ్చాను. చెక్క స్కేలు కాదు, ఉక్కుది. ఆ ఎలుగు ఇప్పటికీ సరళరేఖలో నడుస్తోందట!

ఎన్ని విందుల్లో చెప్పానో ఈ కథ! మొదట్లో ఎలుగు ఒక్కటే ఉండేది. పెద్ద బావమరిది పెళ్ళినాటికి రెండయ్యాయి. మనవరాలు పుట్టాక వాటికీ పిల్లలు పుట్టాయి.

ఆఁ, వస్తున్నా, అసలు సంగతికే వస్తున్నా. గొట్టంలోకి గ్యాసు నువ్వు ఒక్కసారిగా వదిలేస్తావా? నన్నూ మెల్లగానే చెప్పనీ.

నేను రిటైరైన రోజున ముగ్గురు బావమరుదులూ కలిసి ఈ ట్రైలరు తెచ్చి ఇంటిముందు నిలబెట్టారు. ఎత్తు చక్రాలు, రాళ్ళల్లో గోతుల్లో కూడా పోయే రకం. "బావా, మా అక్కకోసం అడవి వదులుకున్నావు. ఇదిగో, నీ అడవి నీకు" అన్నాడు పెద్దవాడు. మా ఆవిడ కళ్ళు తుడుచుకుంది. నా గుండె జారి ఎక్కడ పడిందో ఇప్పటిదాకా దొరకలేదు.

రెండేళ్ళు లాక్కొచ్చానయ్యా! టైర్లు బాగాలేవన్నాను. నీళ్ళ ట్యాంకు చాలదన్నాను. దోమతెర రంగు కళ్ళకి పడటం లేదన్నాను. వంకలన్నీ అయిపోయాక, "ఎండకి మీ అక్క తట్టుకోలేదు, ఏసీ లేందే గడప దాటను" అని బావమరుదుల ముందు తొడగొట్టాను.

ఊరికే కొట్టాననుకున్నావా? నలుగురు మెకానిక్కుల్ని అడిగొచ్చాకే కొట్టాను! గొడుగులా పైకి లేచే టాపు ఇది, దీని నెత్తిన ముప్ఫై కిలోల ఏసీ కూర్చోబెడితే ఇక లేవదన్నారు. పైగా నా షరతులు. టాపు కొయ్యకూడదు. జనరేటరు మోత వినపడకూడదు. మట్టిరోడ్డు దుమ్ము లోపలికి రాకూడదు. నలుగురూ చేతులెత్తేశారు, ఒకడైతే దండం కూడా పెట్టాడు. ఇంటికెళ్ళి హాయిగా గుర్రుపెట్టి నిద్రపోయాను.

అప్పుడు దాపురించావు నువ్వు. నిన్ను ఎక్కణ్ణుంచో మా ఆవిడే పట్టుకొచ్చింది. ఎవరూ ముట్టుకోని ఫ్రిజ్జుని లేపి కూర్చోబెట్టావట.

"పెద్దాయనా, లోపలి కొలతలన్నీ వేసి ఒక బొమ్మ గీసివ్వండి, చూస్తాను" అన్నావు. నా పంట పండిందనుకున్నా! గీసేది నేనే కదా. మంచం కింద అడ్డంగా పోయే ఇనప దూలం ఉందే, దాన్ని కాగితం మీద నాలుగంగుళాలు అవతలికి జరిపేస్తే సరి. నువ్వు కన్నం చెయ్యబోతావు, దూలం అడ్డొస్తుంది, సామాన్లు సర్దుకుని పోతావు.

కాగితం పరిచాను. పెన్సిలు చెక్కాను. దూలం దగ్గరికొచ్చేసరికి చెయ్యి రాలేదయ్యా.

ఒట్టు! పట్టుబట్టి తప్పు గీశాను. ఒంటి మీద జెర్రి పాకినట్టయింది, తుడిచేశాను. మళ్ళీ గీశాను, మళ్ళీ తుడిచాను. కాగితం చిరిగింది గాని గీత జరగలేదు. నోటితో ఎన్ని ఎలుగుల్ని కొట్టానో లెక్కలేదు, పెన్సిలుతో ఒక్క అబద్ధం ఆడలేకపోయాను! చివరికి టేపు పట్టుకుని, మంచం కింద బోర్లా పడుకుని, మూడ్రోజులు కొలిచాను. ఆ కొలతలవల్లే కదా, మంచానికీ నీళ్ళ ట్యాంకుకీ మధ్య ఎవరి కంటా పడని ఆ జాగా నీకు దొరికింది?

ఏమన్నావ్? ఇంత శుభ్రమైన డ్రాయింగు నువ్వెప్పుడూ చూళ్ళేదా?

ఊఁ. ఆఫీసులోనూ అనేవారు.

ఇక నువ్వు రెచ్చిపోయావు. ఏసీని మంచం కింద దూర్చావు, అదురు తగలకుండా రబ్బరు దిమ్మలేశావు, చల్లగాలి పైకొచ్చేలా గొట్టాలేశావు. టాపు మీద అప్పడాల్లాంటి సోలారు పలకలు, కింద బ్యాటరీలు, బండి నడిచేటప్పుడు దుమ్ము పోకుండా కన్నాలకి మూతలు! నిన్న క్వారీ రోడ్డు మీద తిప్పుకొచ్చి, ఒక్క నట్టు కూడా వదులవలేదని ఫోన్ చేశావు. ఎవరికి? మా ఆవిడకి! నాకు చేసి చావొచ్చుగా?

సరే, దగ్గరికి రా. ఆ రాగి గొట్టం నట్టు అరచుట్టు వదులు చెయ్యి. గ్యాసు పోతుంది. "అయ్యయ్యో, లీకయింది" అందాం ఇద్దరం. నాకు ఇంకో ఆర్నెల్లు ఆయుష్షు.

చెయ్యవా? నువ్వు బిగించింది నువ్వు విప్పవా? అబ్బో, ఏం పౌరుషం! ఇటివ్వు ఆ స్పానరు. వరదని ఈదినవాణ్ణి, నట్టు ఒక లెక్కా!

ఎక్కడుందీ... ఆఁ. నేను గీసినచోటే. గీత మీద గీతలా కూర్చోబెట్టావు కదయ్యా. వేలు పట్టే సందు వదలమన్నాను, సరిగ్గా వేలే పడుతోంది.

ఛ. తీసుకో నీ స్పానరు.

విను. సర్వే ఆఫీసులో చేశానన్నానా? చేశాను. లోపల. మూడో అంతస్తు, కిటికీ పక్క బల్ల, తల మీద ఫ్యాను. డ్రాఫ్ట్స్‌మన్ని నేను. సర్వేకి వెళ్ళినవాళ్ళు బురదకాళ్ళతో వచ్చి కొలతల పుస్తకాలు నా బల్ల మీద పడేసేవారు, టీ తాగుతూ కబుర్లు చెప్పేవారు. కొలతలు మ్యాపులోకి ఎక్కించాను, కబుర్లు నా ఖాతాలో వేసుకున్నాను. ఎలుగుని కొట్టింది గొలుసు మోసే మనిషి. అదీ గరిటెతో.

పెళ్ళయ్యాక రోజూ సాయంత్రం ఐదున్నరకల్లా ఇంట్లో ఉంటుంటే ఆవిడకి అనుమానం రాదూ? "నీ కోసమే అడవి మానుకుని ఆఫీసు పని అడిగి పుచ్చుకున్నా" అన్నాను. ఒక్క చిన్న మాట. ముప్ఫై నాలుగేళ్ళుగా దాన్ని మోస్తోంది పిచ్చిది. తనవల్లే నా అడవి పోయిందని! ఆవిడకేం అడవి మీద మోజు లేదయ్యా. దోమంటే ఆమడ దూరం పారిపోతుంది. నా కోసం వస్తోంది.

ఇవాళ వెళ్ళే ఆ లోయలో ప్రతి వాగూ నేను గీసిందే. ఏది ఎక్కడ మలుపు తిరుగుతుందో కళ్ళు మూసుకుని చెబుతాను. కాలు మాత్రం పెట్టలేదు. నాలుగు గోడలు లేకుండా ఒక్క రాత్రి పడుకోలేదు. కరెంటు పోతే దగ్గు నటించి ఆవిణ్ణి లేపే బాపతు నేను.

చెప్పెయ్యమంటావా? ఏమని చెప్పను? "ముప్ఫై నాలుగేళ్ళు నువ్వు పడ్డ బాధకి కారణం ఏమీ లేదే" అననా? నోరు రాదయ్యా.

అదిగో, హారన్.

"వస్తున్నానే! ఆఖరి పరీక్ష జరుగుతోంది! నేను దగ్గరుండకపోతే వీళ్ళొక్కటీ సరిగ్గా చెయ్యరు!"

ఏమనుకోకు. అలవాటు.

పోతాను, ఏం చేస్తాం. మహా అయితే ఏమవుతుంది? చీకటి పడుతుంది. చెమటలు పడతాయి. ఏసీ ఉంది, ఆరిపోతాయి.

అవునూ, ఈ తలుపుకి లోపలి గడియ ఏదీ? ఇదొక్కటేనా! ఇంకోటి బిగించు. బిగించవయ్యా, రెండు నిమిషాల పని. ఏదో లోపలికొస్తుందని కాదు, నేను పారిపోకుండా. రెండు గడియలు తీసేలోగా ఆవిడకి మెలకువొస్తుంది.