సున్నా వాట్ల హీటరు

వంటింట్లో బకెట్టు నీళ్ళు పొగలు కక్కుతున్నాయి. సొంతంగా తయారుచేసిన హీటరు పక్కన తమ్ముడు చేతిలో మీటరుతో గొంతుక్కూర్చున్నాడు, అక్క గుమ్మంలో నిలబడింది.

“సున్నా అక్కా. కావాలంటే మళ్ళీ చూడు, సున్నా.”

“నీళ్ళు సలసలా కాగుతున్నాయి కదరా.”

“అదే కదా గొప్ప. ఈ మీటరుకున్న పటకారులాంటి నోటితో వైరుని పట్టుకుంటే లోపల ఎన్ని ఆంపియర్ల కరెంటు పారుతోందో చెబుతుంది. సున్నా అంటోంది. వోల్టేజి రెండొందల ముప్పై. పవర్ కావాలంటే రెంటినీ గుణించాలి. రెండొందల ముప్పై ఇంటూ సున్నా?”

“సున్నా.”

“సున్నా వాట్లు. చుక్క కరెంటు తాగకుండా నీళ్ళు కాస్తోంది.”

“రెసిస్టెన్స్ కూడా ఏదో లెక్కేస్తారుగా?”

“వోల్టేజిని కరెంటుతో భాగించాలి. సున్నాతో భాగించమంటే కాలిక్యులేటర్ చేతులెత్తేసింది. దానికే అంతుపట్టలేదు.”

“నాకూ అంతుపట్టట్లేదు. ఇది నిజమైతే మీ బావ ఉద్యోగం మానేసి నీతో ఫ్యాక్టరీ పెడతానంటున్నారు. ఏళ్ళ తరబడి చేస్తున్న ఉద్యోగంరా అది. ఆయన వచ్చేలోపు నాకు రూఢిగా తెలియాలి. ఇస్త్రీపెట్టె ఆన్ చేసి, దాని వైరుకి పెట్టు.”

“ఎందుకూ, అది మామూలు... ఆగాగు. సున్నా.”

“మిక్సీకి?”

“సున్నా. అక్కా, మనింట్లో అన్నీ ఉచితమే.”

“మరి బయట కరెంటు మీటరు ఎవరి కోసం గిరగిరా తిరుగుతోంది?”

“దానికేదో జబ్బు చేసుంటుంది.”

“జబ్బు దానికి కాదు. ఆ వైరు లోపల తీగలెన్ని?”

“కరెంటు పోయేదొకటి, తిరిగొచ్చేదొకటి. ఎర్తు తీగ లెక్కలోకి రాదు.”

“పోయేదాన్నీ వచ్చేదాన్నీ కలిపి పట్టుకుంటే నీ మీటరు ఏం చెబుతుందిరా?”

“చెల్లుకు... చెల్లు.”

“స్విచ్చి ఆపు. హీటరు వైరు పైతొడుగు చీల్చి, ఒక్క తీగనే మీటరుతో పట్టుకో. ఇప్పుడు స్విచ్చి వెయ్యి. ఎంత?”

“ఇక్కడ వెలుతురు సరిగ్గా లేదు.”

“ఎంతరా?”

“పది.”

“గుణించు.”

“రెండు వేల మూడొందల వాట్లు. రెసిస్టెన్స్ ఇరవై మూడు ఓమ్‌లు. చూశావా, ఇప్పుడు కాలిక్యులేటర్ కూడా బుద్ధిగా చెబుతోంది.”

“బాత్రూంలో మనం కొన్న హీటరు రెండు వేలే. నీది దానికంటే ఎక్కువ తాగుతోంది.”

“మొదటిరోజు కదా, దాహం మీదుంది.”

“నోర్ముయ్. హమ్మయ్య, నా గుండె కుదుటపడింది. మీ బావకి నేనే మెల్లగా చెబుతాను. నువ్వేం చెప్పలేదుగా?”

“లేదు. అంటే, ఫోన్లో కొంచెం.”

“కొంచెమంటే?”

“సున్నా దాకా.”

“ఎప్పుడు?”

“పొద్దున్నే. బావ ఎంత సంతోషపడ్డాడో. ఆ ఊపులోనే... రాజీనామా ఇచ్చేశాడట.”

“కొంప ముంచావు కదరా. ఉండు, వాళ్ళ మేనేజరమ్మ మహా తెలివైన మనిషి. ఇలాంటివి చచ్చినా నమ్మదు. ఆ కాగితం చింపెయ్యమని కాళ్ళావేళ్ళా పడతాను. ఫోనిటివ్వు.”

“ఇప్పుడు చేసినా వినపడదక్కా.”

“ఏం?”

“ఆవిడా రాజీనామా ఇచ్చేసి, బావ బండి వెనకాల కూర్చుని వస్తోంది.”