వారం నిండే రోజు

తెల్లవారినా వీధి ఇంకా నిద్ర లేవలేదు. తమకు పేరు వాడుకోనిచ్చిన కంపెనీ బోర్డు కింద, తమ హోటల్ షట్టర్ ముందు గొంతుక్కూర్చుని ఆయన తాళం తీయబోతున్నాడు. వెనక భార్య గొంతు వినబడగానే చెయ్యి ఆగిపోయింది.

"మళ్ళీనా? వారం వరసగా మూసి ఉంచితే, వదిలేసి పోయామని కంపెనీవాళ్ళే అగ్రిమెంటు రద్దు చేస్తారని చెప్పింది మీరే కదండీ!"

"నేనే."

"మనంతట మనం మూసేస్తామంటే ఒప్పుకోవడం లేదు, ఇక ఇదొక్కటే దారి అన్నదీ మీరే."

"ఊఁ."

"ఇవాళ్టితో వారం నిండుతుంది. ఒక్కపూట తెరిచారంటే కథ మళ్ళీ మొదటికొస్తుంది. పోయినసారీ ఇదే చేశారు."

"పోయినసారి పక్కకొట్టు టైలరు టీ కోసమొచ్చి షట్టర్ తట్టాడు. ఎలా పొమ్మంటాను?"

"మరి ఇప్పుడెవరు తట్టారు?"

"ఎవరూ తట్టలేదు. అందుకే రాత్రంతా నిద్ర పట్టలేదు."

"నా నడుం పడిపోయిందండీ. ఇక నా వల్ల కాదు. మీరైనా అంతేగా, కూర్చుంటే లేవలేరు."

"ఇప్పుడూ లేవలేకపోతున్నా. కాస్త చెయ్యందించు."

ఆమె బరువు సంచిని ఎడమచేతికి మార్చుకుని చెయ్యి అందించింది. లేస్తూ ఆయన సంచిలోకి చూశాడు.

"నన్ను ఆపడానికే వచ్చావా?"

"మరెందుకొస్తాను?"

"అయితే ఇన్ని పాల ప్యాకెట్లెందుకే?"

ఆమె సంచిని షట్టర్ పక్కన దించింది.

"ఆ తాళంచెవి ఇలా ఇవ్వండి," అంది. "మీరు తిప్పితే ఇరుక్కుంటుంది."